తాళం వాళ్ళది, ఉత్తరాలు మావి

చావు కబురు చల్లగా చెప్పడంలో పెద్ద కంపెనీలను మించినవాళ్ళు లేరు. "యుకివారి మెయిల్‌ను ఇన్నేళ్ళూ ఆదరించినందుకు మా హృదయపూర్వక ధన్యవాదాలు" అని మొదలుపెట్టారు. నాలుగు పేరాల నిండా మర్యాదలు పోయారు. అయిదో పేరాలో, అదేదో వాతావరణం సంగతి అయినట్టు, అసలు మాట చెప్పారు. మార్చి నెలాఖరుతో యుకివారి అనే ఆ మెయిల్ ప్రోగ్రాం ఆగిపోతుంది. ఆ తర్వాత ఎవరి కంప్యూటర్లోనూ తెరుచుకోదు. పాత మెయిళ్ళు కావాలనుకునేవాళ్ళు వాళ్ళ కొత్త చందా సేవలో చేరాలి, పాతవి అందులోకి మార్చినందుకు విడిగా ఇంకొంత చెల్లించాలి.

త్సుబామే ఊళ్ళో సగం కార్ఖానాలు ఆ యుకివారినే నమ్ముకున్నాయి. కార్ఖానాలంటే ఏం పెద్దవి కావు. చెంచాలు సాగగొట్టేవాళ్ళు, ఫోర్కుల పళ్ళు కోసేవాళ్ళు, గిన్నెలకు మెరుగు పెట్టేవాళ్ళు, ఇంటి ముందు గదిలో మొగుడూ పెళ్ళాం కలిసి నడుపుకునే కొట్లు. ఇరవై ఏళ్ళ కిందట ఆ కంపెనీ మనుషులే గుమ్మం గుమ్మం ఎక్కి దిగి దాన్ని అంటగట్టి వెళ్ళారు. అప్పట్నుంచి ఆర్డర్లు, నమూనా బొమ్మలు, "ఈసారి అంచు ఇంకాస్త పలచగా" అన్న మాటలు, అన్నీ అందులోనే పోగుపడ్డాయి. అన్నీ కలిపి ఒకే ఒక్క పెద్ద ఫైలు. దాన్ని యుకివారి తప్ప మరే ప్రోగ్రామూ చదవలేదు. పొరపాటున అలా అయింది కాదు, కావాలనే అలా కట్టారు.

ఇగరాషి మినోరి ఆ ఊరి ఆడపడుచే. నలభై దాటాయి, పెళ్ళి ఊసెత్తితే కసురుతుంది. ఊరి చివర ఒక చిన్న సాఫ్ట్‌వేర్ కంపెనీలో ప్రోగ్రాములు రాస్తుంది. ఆ చిన్న కంపెనీకి ఏడాది పొడుగునా పని ఇచ్చేది ఎవరనుకున్నారు? ఆ పెద్ద కంపెనీయే. కాబట్టి ప్రకటన వచ్చిన రోజున వాళ్ళ ఆఫీసులో ఒక్కరూ కిక్కురుమనలేదు. మినోరి కూడా ఊరుకునేదేమో, సెకికావా తాత ఆమె కొంప మీదికి రాకపోయుంటే.

సెకికావా తాత మెరుగు పెట్టే పనివాడు. రెండిళ్ళ అవతల ఉంటాడు. ఒక ఆదివారం పొద్దున్నే గుడ్డలో చుట్టిన కంప్యూటర్ చంకన పెట్టుకుని, మంచు బూట్లతోనే లోపలికొచ్చాడు.

"ఏమే మినోరీ, నువ్వు చేసేది ఇలాంటి వాటి పనేగా? దీన్ని తెరువు."

"తెరుచుకునే ఉంది కదా తాతా."

"ఇప్పుడు తెరుచుకుంది లే! మార్చి దాటాక తెరుచుకోదుట. నా ఉత్తరాలు నేను చదువుకోడానికి వాడికి నెలనెలా కప్పం కట్టాలిట. వాడేమన్నా ఆ కాలపు షోగున్ దొరా?"

"అందరూ కడుతున్నారుగా, నువ్వూ కట్టేస్తే పోలా?"

"అందరూ గోతిలో దూకుతున్నారు, నువ్వూ దూకు అన్నట్టుంది నీ మాట." తాత కంప్యూటర్‌ని టీ బల్ల మీద దబ్బున పెట్టాడు. "ఒసాకా వర్తకుడికి చెంచా అద్దంలా ఉండాలి. కానజావా ఆవిడకి మెరుపు చంపేసి మసక మసగ్గా ఉండాలి. ఎవరి సరుక్కి ఏ చక్రం, ఏ పిండి, ఎంతసేపు, అన్నీ ఇందులోనే ఉన్నాయి. నా బుర్రలో ఉన్నాయనుకుంటున్నావా? నా బుర్రలో నిన్న తిన్నదే లేదు. ఇది పోతే నేను మెరుగు పెట్టేవాణ్ణి కాదు, ఊరికే ఇనుము రుద్దేవాణ్ణి."

మినోరి నవ్వబోయి ఆగిపోయింది. ముసలాయన గడ్డం వణుకుతోంది. ఆమెకు ఒళ్ళు మండింది. ఆయన మీద కాదు, ఆ అయిదో పేరా రాసినవాడి మీద.

"ఫైలు కాపీ నా దగ్గర పెట్టి వెళ్ళు. చూస్తాను. తెరుస్తానని మాత్రం మాట ఇవ్వను."

"మాటెందుకు, పని చెయ్యి," అని తాత, ఆమె పెట్టిన టీ కూడా తాగకుండా వెళ్ళిపోయాడు.

ఆ తర్వాత ప్రతి ఆదివారమూ ఆ ఫైలుతోనే గడిచింది. ఎక్కడ ఒక మెయిల్ అయిపోయి మరొకటి మొదలవుతుందో కనిపెట్టడం పెద్ద కష్టం కాలేదు. లోపలి మాటల దగ్గరే బండి ఆగింది. అక్షరం అక్షరాన్నీ ఏదో తాళంతో తారుమారు చేసి పెట్టారు. ఆ తాళం తెలిస్తే తప్ప అంతా పిచ్చిగీతలే. మినోరి తెలిసిన కిటుకులన్నీ ప్రయోగించింది. అమ్మ భోజనానికి పిలిస్తే పలకలేదు. "ఆ ముసలాడి చెంచాలకి నువ్వు కరిగిపోయేలా ఉన్నావు" అని అమ్మ విసుక్కుంది.

ఒక మధ్యాహ్నం, ఇక వదిలేద్దామనుకుని తెర మీద మెయిళ్ళను ఊరికే వరసగా పైకి జరుపుతోంటే ఒక సంగతి కంట పడింది. తాతకు వచ్చిన దాదాపు ప్రతి మెయిల్‌కీ మొదటి వరస పిచ్చిగీతలు ఒక్కటే! ఒసాకా నుంచి వచ్చిందీ అదే, కానజావా నుంచి వచ్చిందీ అదే. రెండో వరస నుంచి మాత్రం దేని దారి దానిది. వేర్వేరు ఊళ్ళ మనుషులు, వేర్వేరు పనుల మీద, ఇరవై ఏళ్ళపాటు ఒకే మాటతో ఎలా మొదలుపెడతారు?

అప్పుడు ఆమె పకపకా నవ్వింది. వంటింట్లోంచి అమ్మ తొంగి చూసేటంతగా నవ్వింది. ఎలా మొదలుపెడతారేమిటి? ఈ దేశంలో వ్యాపారపు మెయిల్ ఇంకెలా మొదలవుతుంది? "ఎల్లప్పుడూ మీ ఆదరణకు కృతజ్ఞులం." సరుకు అడిగినా అదే. సరుకు బాగాలేదని దులిపేసినా అదే. ఇక నీతో బేరం లేదు పొమ్మన్నా, ముందు ఆదరణకు కృతజ్ఞత చెప్పాకే పొమ్మంటారు. తాళం కట్టినవాళ్ళు కూడా ఈ దేశపు మనుషులే, వాళ్ళూ రోజుకు ఇరవైసార్లు అదే వాక్యం రాసే ఉంటారు. రాసి రాసి అది వాళ్ళ కంటికి ఆనడం మానేసింది. ప్రతి మెయిల్‌కీ తాళాన్ని మళ్ళీ మొదటి నుంచే తిప్పారు, ప్రతి మెయిలూ ఒకే మాటతో మొదలవుతుందన్న సంగతి ఒక్కడికీ తట్టలేదు.

ఆ కృతజ్ఞత వాక్యాన్ని పిచ్చిగీతల పక్కన పెట్టి, ఏ అక్షరం ఏ అక్షరంగా మారిందో చూసింది. తాళం బయటపడింది. దాన్ని కింది వరసలకు తిప్పితే "పోయినసారి పంపిన సూప్ చెంచాల అంచు" అని చక్కగా చదువుకోవడానికి వచ్చింది. తాత రాసి పంపినవాటిని మొదట చూసుంటే మటుకు ఈ జన్మకు దొరికేది కాదు. ఎందుకంటే వాటిలో ఒక్కటీ అలా మొదలవలేదు.

"ఏం తాతా, ఇరవై ఏళ్ళలో ఒక్కసారైనా మర్యాదగా మొదలుపెట్టలేదా? ప్రతిదీ 'ఇదిగో విను' అనేనా?"

"మర్యాదంతా చెంచాల్లో పెట్టాను. చాలదా?" అన్నాడు తాత. తెర మీద తన ఉత్తరాలు చూసి కళ్ళద్దాలు తీసి తుడుచుకున్నాడు. మళ్ళీ పెట్టుకున్నాడు, మళ్ళీ తీశాడు. "పక్క వీధి ఫోర్కుల వాళ్ళది కూడా తెరుచుకుంటుందా?"

తెరుచుకుంది. తాళం అందరికీ ఒకటే. ఫోర్కుల వాళ్ళు సాగగొట్టేవాళ్ళకు చెప్పారు, వాళ్ళు సాంజో ఊరి కత్తుల వాళ్ళకు చెప్పారు. ఒకరి మెయిళ్ళలో తేదీలు తలకిందులయ్యాయి, ఒకరివాటిలో బొమ్మలు సగమే వచ్చాయి. వచ్చిన ప్రతి చిక్కునూ మినోరి విప్పుకుంటూ పోయింది. చివరికి అదొక చక్కటి ప్రోగ్రాం అయింది. యుకివారి ఫైలు ఒక వైపు పెడితే, రెండో వైపు ఏ ప్రోగ్రామైనా చదవగల మామూలు మెయిళ్ళు వస్తాయి. దాన్ని ఓపెన్ సోర్సుగా నెట్‌లో పెట్టేసింది. లోపలి కోడ్ అందరికీ కనిపిస్తుంది. ఎవరైనా వాడుకోవచ్చు, ఎవరైనా బాగుచేయవచ్చు, ఒక్క యెన్ ఇవ్వక్కర్లేదు.

ఇలాంటివి పెట్టేవాళ్ళు మారుపేరు చాటున పెడతారు. ఆఫీసులో పక్క కుర్చీ ఆమె కూడా అదే హితవు చెప్పింది. "సొంత పేరు పెట్టకు మినోరీ, కొరివితో తల గోక్కోకు."

"నేనేం దొంగతనం చేశానని దాక్కోవాలి?" అంది మినోరి. ఇగరాషి మినోరి, త్సుబామే అని ఊరితో సహా రాసింది. ఊరందరిదీ ఒక దారైతే ఉలిపికట్టెది ఇంకో దారి.

మార్చి సగం దాటేసరికి నాగాఓకా సారా బట్టీల వాళ్ళు, తోకామాచి పట్టు నేతవాళ్ళు కూడా దాన్ని వాడుతున్నారు. షికోకులో ఎవరో ముక్కూమొహం తెలియనాయన పాత అక్షరాల చిక్కొకటి విప్పి పంపాడు. రోజూ కొత్తవాళ్ళు రాస్తున్నారు, మా ఫైలు సగంలో ఆగింది, ఏం చెయ్యాలి అని. గడువు దగ్గర పడుతోంది. తమ మెయిళ్ళు ఇంకా బయటికి తీసుకోవలసినవాళ్ళు ఎంతమందో ఉన్నారు. సరిగ్గా అప్పుడే కజామా గారు ఆమెను తన గదిలోకి పిలిచాడు.

కజామా గారంటే ఆ చిన్న కంపెనీ యజమాని. అందరూ శాచో అని పిలుస్తారు. చెడ్డవాడు కాదు. ఎవరింట్లో జ్వరమొచ్చినా ఇంటికి వెళ్ళిపొమ్మంటాడు. కానీ పెద్ద కంపెనీ నుంచి ఫోనొస్తే, అవతలివాళ్ళకు కనపడదని తెలిసీ, కుర్చీలోంచి లేచి నిలబడి మరీ వంగుతాడు.

"నిషికతా గారు ఫోన్ చేశారమ్మా," అన్నాడు. నిషికతా ఆ పెద్ద కంపెనీలో విభాగాధిపతి, వీళ్ళకు పనులు పంచేది ఆయనే. "నువ్వు వాళ్ళు మనకిచ్చిన పనుల్లో లోపలి కోడ్ చూసి, తాళం ఎత్తుకొచ్చావంటున్నారు."

"నేను వాళ్ళ యుకివారి పని ఎన్నడూ ముట్టుకోలేదు శాచో గారూ. అది మీకూ తెలుసు."

"తెలుసు. నాకు తెలిస్తే ఏం లాభం? రేపు వెళ్దాం. ఒక్కసారి తల వంచి, ఆ ప్రోగ్రాం తీసేస్తానని చెప్పు. నేనూ నీ పక్కనే వంగుతాను. నువ్వు ఒక్కదానివే కాదు, ఇక్కడ ఇంకా నలుగురి తిండి ఉంది."

పాపం, ఆయన పరిస్థితి మింగమంటే కప్పకు కోపం, విడవమంటే పాముకు కోపం. మినోరికి జాలి వేసింది. కానీ జాలి వేసినంత మాత్రాన చెయ్యని తప్పు ఒప్పుకుంటామా?

"రమ్మంటే వస్తాను. వంగడం మటుకు అక్కడికెళ్ళాక చూద్దాం," అంది.

మర్నాడు కజామా గారు దారిలో పేరున్న కొట్టు దగ్గర కారు ఆపి, యోకాన్ అనే మిఠాయి పెట్టె కొన్నాడు. గట్టిగా పోతపోసిన ఆ ఎర్ర చిక్కుడుగింజల మిఠాయి ఇటుకలా ఉంటుంది. క్షమాపణ ఎంత పెద్దదైతే పెట్టె అంత బరువుండాలని ఇక్కడి లెక్క. ఆయన అన్నిటికంటే పెద్దది తీసుకున్నాడు.

నీగాతా నగరంలో ఆ పెద్ద కంపెనీ ఆఫీసు గదిలో నిషికతా గారు టీ తెప్పించాడు. మనిషి తెల్లగా, మెత్తగా ఉన్నాడు. గొంతు ఇంకా మెత్తన. కజామా గారు రెండు చేతులతో పెట్టె ముందుకు జరిపాడు. నిషికతా దాన్ని చూశాడు కానీ ముట్టుకోలేదు.

"ఇగరాషి గారూ, మీ నైపుణ్యం చూసి ముచ్చటేసింది," అన్నాడు. "అందుకే బాధగానూ ఉంది. మా తాళం మా ఇంట్లో వాళ్ళకు తప్ప బయట తెలియదు. తెలిసిందంటే..." అని వాక్యం పూర్తి చెయ్యకుండా టీ కప్పు ఎత్తాడు. ఈ పెద్దమనుషుల తిట్లు ఎప్పుడూ అంతే, సగం వాళ్ళు పలుకుతారు, మిగతా సగం మనం పలికి మనమే తినాలి.

"తెలిసిందంటే నేను దొంగనని. అదేగా? నోరు తెరిచి అనండి," అంది మినోరి.

కజామా గారు మిఠాయి పెట్టెను ఇంకాస్త ముందుకు జరిపాడు.

"మీ తాళం ఎలా దొరికిందో చెప్తాను, వినండి. నిషికతా గారూ, మీరు మెయిల్ రాస్తే ఏమని మొదలుపెడతారు?"

"అందరిలాగే. ఎల్లప్పుడూ మీ ఆదరణకు..." అని ఆగిపోయాడు.

"అదే తాళంచెవి. దేశంలో ప్రతివాడూ ప్రతి ఉత్తరం మీదా దాన్ని పెట్టి మరీ పంపుతాడు. మీవాళ్ళు ప్రతి మెయిల్‌నీ ఒకేలా తిప్పారు, మనమంతా ఒకేలా మొదలుపెట్టాం. రెండూ పక్కపక్కన పెట్టాను, తెరుచుకుంది. మీ ఇంట్లో దూరాల్సిన పని నాకేం పట్టింది? గుమ్మంలోనే పెట్టుకున్నారుగా!"

నిషికతా మొహం ఎర్రబడింది. మెల్లిగా తమాయించుకున్నాడు.

"సరే, దొంగతనం మాట వదిలేద్దాం. ఇది నమ్మకానికి సంబంధించిన విషయం. మాతో కలిసి పనిచేసేవాళ్ళు మాకు నష్టం కలిగించడం సభ్యత కాదు. సొంత ఇష్టంతో తీసేస్తున్నానని ఆ పేజీలో ఒక్క ముక్క రాయండి. ఏప్రిల్ నుంచి అన్నీ మామూలే. కజామా గారూ, అంతేనా?"

కజామా గారు కుర్చీలోంచి లేచాడు. నడుము దగ్గర మనిషి రెండుగా విరిగినంత కిందికి వంగాడు. బల్ల కింద నుంచి ఎడమ చెయ్యి చాచి మినోరి చొక్కా అంచు లాగాడు. "వంగు తల్లీ," అన్నాడు నేలవైపే చూస్తూ.

మినోరి లేచింది. వంగలేదు. చిన్నప్పట్నుంచి వంగి వంగి అలవాటైన నడుము, వంగకుండా ఉంచడానికే బలం కావలసి వచ్చింది. పక్కన తండ్రి వయసు మనిషి బోడితల నేలకేసి ఉంటే తాను గడకర్రలా నిలబడడం ఎంత సిగ్గుగా ఉందో, అంత కోపంగానూ ఉంది.

"తప్పు చేస్తే ఎంత కిందికి వంగమన్నా వంగుతాను," అంది. "మీరు అమ్మింది పెట్టె. దాని డబ్బు మా ఊరివాళ్ళు ఇరవై ఏళ్ళ కిందటే ఇచ్చారు. అందులో ఉత్తరాలు మీకెవరమ్మారు? ఒక్కటి మీరు రాశారా? మా సెకికావా తాత గిన్నె రుద్దిన చేత్తో ఒక్కో అక్షరం వెతుక్కుంటూ కొట్టుకున్నవి అవి. అవి చదువుకోడానికి ఆయన మీకు బాకీ పడడమేంటి? మీకు సభ్యత కావాలంటే మీరే వాటిని మామూలు మెయిళ్ళుగా ఇచ్చేసి ఉండేవాళ్ళు. ఒక్క రోజు పని మీకది. అది చెయ్యలేదు గనకే నేను ఆదివారాలు కూర్చోవాల్సి వచ్చింది. ఆ ప్రోగ్రాం తియ్యను. నెలాఖరు దాకానే కాదు, ఆ తర్వాత కూడా తియ్యను. పేరు కూడా తియ్యను."

నిషికతా కజామా గారి వీపు వైపు చూసి మాట్లాడాడు, ఆయన ఇంకా లేవలేదు.

"కజామా గారూ, ఈవిడ మీ దగ్గర ఉన్నంత కాలం మీకు పని ఇచ్చే విషయం మేము ఆలోచించుకోవలసి ఉంటుంది. మా మాట అర్థమయిందనుకుంటాను."

"అర్థమయింది," అన్నాడు కజామా గారు, నేలతో.

తిరుగు ప్రయాణం పట్టారు. పొలాల్లో మంచు అక్కడక్కడా ముక్కలుగా మిగిలింది. మినోరి కిటికీలోంచి చూస్తూ అమ్మకు ఏం చెప్పాలా అని ఆలోచించింది. భయం వేసింది, నిజమే. నలభై దాటిన ఆడదానికి ఈ ఊళ్ళో ఇంకో ఉద్యోగం ఎవడిస్తాడు? కానీ ఎన్నిసార్లు తిప్పి చూసుకున్నా, అన్న మాటల్లో వెనక్కి తీసుకోవలసింది ఒక్కటీ కనపడలేదు.

ఆఫీసు ముందు కారు ఆపి కజామా గారు ఇంజను కట్టేశాడు. స్టీరింగు వదల్లేదు.

"రాజీనామా ఇవ్వమ్మా. సొంత కారణాల వల్ల అని రాస్తే చాలు. నీకూ మచ్చ ఉండదు, నాకూ..."

"నాకు సొంత కారణాలేం లేవు శాచో గారూ. కారణాలన్నీ మీవి, వాళ్ళవి. ఉద్యోగంలోంచి తీసేస్తున్నానని మీరే రాయండి. ఎందుకు తీసేస్తున్నారో కూడా రాయండి."

"అలా రాస్తే నేను చెడ్డవాణ్ణవుతాను."

"అవ్వండి. ఒక్క రోజు అయి చూడండి. నేను ఇవాళ పొద్దుట్నుంచీ దొంగనయ్యాను, చావలేదుగా?"

ఆయన చివరికి "రాస్తాను" అన్నాడు. మినోరి తల ఊపి కారు తలుపు తీసింది. ఒక కాలు కింద పెట్టింది.

"మినోరీ."

"చెప్పండి."

"మనవి కూడా... మన ఆఫీసు మెయిళ్ళు కూడా యుకివారిలోనే ఉన్నాయి. మా నాన్నగారి రోజుల్నుంచీ." ఆయన ఆమె వైపు చూడలేకపోయాడు. "నిషికతా గారు ఫలానా పని చెయ్యమంటారు, చేశాక మేమెప్పుడన్నాం అంటారు. ఇదివరకు రెండుసార్లు అన్నారు. అన్నారని చూపించడానికి నా దగ్గర ఉన్నవి ఆ మెయిళ్ళే. అవి కూడా పోతే వాళ్ళ ముందు నాకు ఇక... నిన్ను అడిగే మొహం నాకు లేదు. ఆ ప్రోగ్రాం నేను వాడుకోవచ్చా?"

మినోరికి నోటిదాకా ఏవేవో వచ్చాయి. అన్నీ ఆ మనిషి జన్మలో మరిచిపోలేని మాటలే. కోపంతో చెవులు వేడెక్కాయి. నన్ను తీసేసే చేతులతో నా ప్రోగ్రామే అడుగుతున్నాడే ఈయన! కానీ కావాలనుకున్నవాళ్ళకు ఇచ్చి, అక్కర్లేదనుకున్నవాళ్ళకు తాళం వేస్తే తనకూ ఆ నిషికతాకూ తేడా ఏముంటుంది?

"నన్నడగక్కర్లేదు," అంది. "ఎవరైనా వాడుకోవచ్చని మొదటి వరసలోనే రాశాను. ఎవరైనా అంటే మీరు కూడా."

కజామా గారి తల స్టీరింగు మీదికి వంగింది. అది వంగడమో వాలిపోవడమో ఆమె ఆగి చూడలేదు.

"ముందు ఫైలు కాపీ తీసి పెట్టుకోండి. ఎక్కడైనా ఆగితే ఆ పేజీలో రాయండి, అందరిలాగే. సాయంత్రంలోగా చూస్తాను," అని తలుపు వేసి, తన వస్తువులు తెచ్చుకోవడానికి లోపలికి నడిచింది.